అలూలా తీరపు పూచీ

మస్కట్‌లో కాపురం చేసి వచ్చానని తెలియగానే కాకినాడలో అందరూ ముందు బంగారం ధర అడుగుతారు. ఆ తరవాత ఎండ ఎలా ఉంటుందంటారు. రెండింటికీ జవాబు చెప్పి మెల్లిగా నా సువైక్ ప్రయాణం ఎత్తుతాను. దాంతో సగంమంది ఏదో పని గుర్తొచ్చి లేచిపోతారు. చదివేవాళ్ళు లేచిపోరన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివరి మాట. మా ఆయన మస్కట్ పక్కనున్న దార్సైట్‌లో ఒక కంపెనీలో లెక్కలు చూసేవారు. మా తమ్ముడు సూరిబాబు జగన్నాథపురంలో పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. మా వెనకే ఒమాన్ వచ్చి, సువైక్‌లో హమద్ అనే లాంచీల యజమాని దగ్గర మెకానిక్‌గా కుదిరాడు. అక్కడి తెరచాప ఓడలకి అప్పుడప్పుడే డీజిల్ ఇంజన్లు బిగిస్తున్నారు. చలికాలంలో ఖర్జూరం వేసుకుని సోమాలియా తీరానికి పోవడం, ఎండలు ముదిరి సముద్రం పొంగకముందే సాంబ్రాణి, తోళ్ళు, నెయ్యి వేసుకుని తిరిగి రావడం ఆ లాంచీల పద్ధతి. ఆ యేడు అందరి లాంచీలూ వచ్చేశాయి. హమద్ లాంచీ రాలేదు. సూరిబాబు అందులో ఉన్నాడు.

దార్సైట్

మస్కట్ పాత ఊళ్ళో చిన్న శివాలయం ఒకటి ఉంది. అక్కడికి వెళ్ళి, తమ్ముడి కబురు తెలిసేదాకా కాఫీ ముట్టనని మొక్కుకున్నాను. నవ్వకండి. పొద్దున్నే కాఫీ పడకపోతే నేను మనిషిని కానని మా వీధి వీధంతా తెలుసు. ఇష్టమైనది వదులుకుంటే తప్ప దేవుడు మన మాట పట్టించుకోడని మా అమ్మ చెప్పేది. నేను నమ్మాను.

"నువ్వు కాఫీ మానేస్తే లాంచీ వచ్చేస్తుందా?" అన్నారు మా ఆయన.

"తాగితే వస్తుందా?" అన్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

నా తలనెప్పి భరించలేకో, నన్ను భరించలేకో, మొత్తానికి సెలవు పెట్టారు. కంపెనీ పికప్పు ఒకటి సోహార్ సైట్‌కి పైపులు తీసుకుపోతోంది. మమ్మల్ని దారిలో సువైక్‌లో దింపి, హమద్‌ని కలిసేదాకా ఆగేలా మాట్లాడారు. డ్రైవరు రాజన్నది జగిత్యాల దగ్గర పల్లెటూరు. ముందు సీట్లో ముగ్గురం సర్దుకున్నాం. నా ఒళ్ళో పులిహోర డబ్బా, దాని మీద ఊరమిరపకాయల సీసా. పలకరింపుకి వెళ్తున్నామో పిక్నిక్‌కి వెళ్తున్నామో చూసేవాళ్ళకి తెలియదు.

బర్కా

దారంతా ఒకటే తీరు. ఎడమచేతి వైపు దూరంగా బోడికొండలు, కుడివైపు ఖర్జూరం తోటలు, వాటి వెనక సముద్రం. మన కోనసీమలో వెళ్తున్నట్టే ఉంటుంది, ఆ చల్లదనం మాత్రం ఉండదు. కిటికీ తీస్తే వడగాడ్పు, మూస్తే ఉడుకు.

బర్కా దగ్గర టైరు పంక్చరయింది. శకునం బాగాలేదని నేను, రోడ్డు బాగాలేదని మా ఆయన. రాజన్న టైరు మారుస్తుంటే మలయాళీ టీకొట్టు నీడన కూర్చున్నాం. టీ యాభై బైసలు, అంటే మన రూపాయి పైమాటే. ఆ డబ్బుకి కాకినాడలో ఇంటిల్లిపాదీ తాగొచ్చు. నేను టీ కూడా తాగలేదు. కాఫీ మొక్కుకి టీతో గండి కొడితే దేవుడు ఒప్పుకుంటాడో లేదో తెలియక.

చేపల లారీ నడిపే ముసలి బలూచీ ఒకాయన మా పక్క బల్ల మీద ఉన్నాడు. మా పని ఏమిటో రాజన్న ఉర్దూలో చెప్పాడు. ఆయన గడ్డం నిమురుకుంటూ ఏదో చెప్పాడు. రాజన్న ముఖం మారింది.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"ఏం లేదమ్మా. ఎండ మస్తున్నది అంటుండు."

"అబద్ధాలాడకు రాజన్నా."

"గా సోమాలి మూలకు ఓడ తాకిందంటే ఒడ్డోళ్ళు మేకు సుత మిగల్చరట. ముసలోడు, ఏదో అంటడు. మీరు మనసుల వెట్టుకోకుండ్రి."

ఎలా పెట్టుకోకుండా ఉంటాను? సువైక్ చేరేదాకా నాకు మేకులు ఊడిన పడవే కనిపించింది.

సువైక్

హమద్ ఇల్లు తోటల చివర, సముద్రానికి దగ్గర్లో ఉంది. పాత భాగం మట్టిగోడలు, తాటాకులాంటి ఖర్జూరపు మట్టల కప్పు. కొత్తగా ఒక సిమెంటు గది. హమద్‌కి నలభై ఉంటాయి. బొంబాయిలో కొన్నేళ్ళు ఉండివచ్చాడు. నేను హిందీ పరీక్షలు పాసయినదాన్ని. నా గ్రాంథికం అతనికి అర్థం కాలేదు, అతని బొంబాయి హిందీ నాకు అయింది.

మంచిచెడ్డలడగడమే చాలాసేపు సాగింది. మీరెలా ఉన్నారు, ఇంట్లోవాళ్ళెలా ఉన్నారు, తోవ ఎలా ఉంది. మనవైపు ఆపదలో ఉన్న మనిషి వస్తే గుమ్మంలోనే ఏమైందని అడుగుతాం. ఇక్కడ అలా అడిగితే మర్యాద కాదట. నాకు మాత్రం ఒక్కో పలకరింపుకీ ప్రాణం విసిగిపోయింది.

చాప పరిచారు. హల్వా, ఆ యేడు తొలికాపు ఖర్జూరపు పళ్ళు పెట్టారు. హమద్ తల్లి హలీమా వచ్చి మా ఎదురుగా కూర్చుంది. పొడుగ్గా, సన్నగా, నల్లగా ఉంది. ఒమానీ మనిషి కాదని చూడగానే తెలుస్తుంది. ఆవిడే స్వయంగా కాఫీ పోసింది. చెవిలేని బుల్లి కప్పు, అడుగున కాస్తంత, యాలకుల వాసన ఘుమఘుమలాడుతోంది. తలనెప్పితో ఉన్నదానికి అది ఎంత శిక్షో కాఫీ తాగేవాళ్ళకే తెలుస్తుంది. పెద్దావిడ చేత్తో ఇస్తే వద్దనడం బాగుండదని అందుకుని, చాప మీద నా ముందు పెట్టాను. ముట్టలేదు.

మా ఆయన తాగారు. రాజన్న మూడుసార్లు పోయించుకున్నాడు. హలీమా నా కప్పు వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. హమద్ నిటారుగా కూర్చున్నాడు. పలకరింపులు ఆగిపోయాయి. ఇకనైనా విషయానికి వచ్చారని సంతోషించాను.

"మా తమ్ముడు తిరిగొస్తాడా?" అని అడిగాను.

హలీమా అరబ్బీలో చెప్పడం మొదలెట్టింది. హమద్ హిందీలో అందించాడు. నేనడిగిన దానికి జవాబు కాదది. తన పుట్టింటి కథ.

ఆఫ్రికా పటంలో కొమ్ములా పొడుచుకొచ్చిన మూల ఉందే, ఆ కొసన ఉంది వాళ్ళ అలూలా. ఆ తీరాన్ని తరతరాలుగా మజీర్తీన్ అనే వంశపు సుల్తానులు ఏలారు. సుల్తానుని వాళ్ళు బోకోర్ అంటారు. నడుముకి బిగించే పటకా అని ఆ మాటకి అర్థం చెబుతారట. చెదిరిపోయే వంశాలన్నిటినీ కలిపి బిగించినవాడని. పెద్ద సైన్యం ఉండేది కాదు. ఎండలప్పుడు ఒక ఊళ్ళో, చలికాలం ఇంకో ఊళ్ళో ఉండేవాడు. తగువొస్తే పెద్దలంతా కూర్చుని తేల్చేవారు, సుల్తాను మాటైనా వాళ్ళు తలాడిస్తేనే చెల్లేది. కొండచరియల మీద సాంబ్రాణి చెట్లు ఉండేవి, ఏ చెట్టు ఏ ఇంటివాళ్ళదో అందరికీ తెలుసు. ఆ సాంబ్రాణి ఏడెన్‌కీ మస్కట్‌కీ బొంబాయికీ పోయేది. సుల్తాను దగ్గరివాడొకడు పోట్లాడి దక్షిణంగా పోయి హోబ్యోలో తన రాజ్యం తను పెట్టుకున్నాడు. దాయాదులు ఎక్కడైనా దాయాదులే అనుకున్నాను.

"మీ ఒడ్డున ఓడ పగిలితే?" అని మధ్యలో అడ్డుపడ్డాను. టీకొట్టు మాట నన్ను వదల్లేదు.

హలీమా దాచలేదు. ఆ తీరంలో ఒకదానిలాంటిది ఒకటి రెండు కొండకొమ్ములున్నాయి. సముద్రం పొంగే రోజుల్లో మసకలో ముందుదాన్నే చివరిది అనుకుని చుక్కాని తిప్పిన ఓడ సరాసరి ఒడ్డుకి కొట్టుకుంటుంది. అలా పడ్డ ఓడ ఒడ్డువాళ్ళది. దేవుడు పంపిన పంట. అందులో సుల్తానుకి వాటా. ఏడెన్‌లో ఉన్న ఇంగ్లీషువాళ్ళు, పగిలిన తమ ఓడల్లోని మనుషుల్ని కాపాడమని సుల్తానుకి ఏటేటా ఇంతని ముట్టజెప్పేవారట.

మన పిఠాపురం రాజాగారు ఇంగ్లీషువాళ్ళకి కప్పం కట్టేవారు. ఇంగ్లీషువాళ్ళే ఎదురు కట్టారంటే ఇంకో రోజైతే చప్పట్లు కొట్టేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం నా బుర్రలో ఒకటే తిరిగింది. మనుషుల్ని కాపాడమని డబ్బివ్వాల్సి వచ్చిందంటే, ఇవ్వకపోతే ఏం చేసేవాళ్ళు?

నా ముఖం చూసి హలీమా గొంతు తగ్గించింది. పరదేశి ఓడ ఏదొచ్చినా అక్కడి మనిషి ఒకడు దానికి పూచీపడతాడట. అతన్ని అబ్బాన్ అంటారు. రేవులో అతని ఇంట్లోనే తినాలి, బేరం అతని ఎదుటే ఆడాలి. ఓడవాళ్ళ ప్రాణానికీ సరుకుకీ అతనిదే జవాబుదారీ. వాళ్ళ మీద ఎవరైనా చెయ్యి వేస్తే అతని మీద వేసినట్టే, అతని వంశమంతా లేస్తుంది.

"మా లాంచీకి అబ్బాన్ నా తమ్ముడు. అంతకుముందు మా నాన్న, ఆయనకి ముందు మా తాత. అలా పూచీపడిన ఓడలోనే నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాను" అంది.

తరవాత ఇటలీవాళ్ళు వచ్చారు. ముందు స్నేహమన్నారు, సుల్తాను ఒడంబడిక చేసుకున్నాడు. చివరికి అంతా మాదే అన్నారు. హలీమా నడుమెత్తు పిల్లగా ఉన్నప్పుడు యుద్ధనౌకల మీంచి వాళ్ళ ఊరి మీద గుండ్లు పేల్చారు. వాళ్ళు కొండల్లోకి పరిగెత్తారు. రెండేళ్ళు పోట్లాడాక సుల్తానుని మొగదీషు తీసుకుపోయి అక్కడే ఉంచేశారు.

"మరి సుల్తానే లేడుగా, ఇప్పుడా పూచీ ఎవరు చెల్లిస్తారు?" అన్నాను.

హమద్ ఈ మాట తల్లికి చెప్పడానికి కాస్త తటపటాయించాడు. ఆవిడ విని, "సుల్తాను ఉన్న రోజుల్లో మాత్రం ఆయనకి జడిసి చేశామా?" అంది.

కప్పు నా ముందు చల్లారిపోయింది. ఎవరూ తియ్యలేదు.

మర్నాడు పొద్దున

ఆ రాత్రికి సిమెంటు గది మాకిచ్చారు. తెల్లవారి బయటికొస్తే పెరడంతా సందడి. ఖర్జూరం బుట్టలు, నీళ్ళ పీపాలు, ఎండుచేపల మూటలు సముద్రం వైపు మోస్తున్నారు. హమద్ కొడుకు సలీంకి కొత్తగా పెళ్ళయింది. ఆ పెళ్ళాం బావి దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఎవరినడిగినా నాతో మాట్లాడరు. రాజన్నని పట్టుకున్నాను.

"అమ్మా, నిన్న మీరు కాఫీ ఎందుకు తాగలే?"

"మొక్కు. నీకు తెలుసుగా."

"నాకెర్కే. వీళ్ళకెర్క లేదు గద. గిక్కడ కప్పు తీస్కొని ముట్టకుంట కింద వెడితే, ఏదో అడగనీకి వచ్చినట్టట. అది ఇస్తమని మాట ఇచ్చేదాక తాగరట. మీరు మీ తమ్ముని అడిగిండ్రు. ఇంటి మీద వడ్డది. గందుకే రెండో లాంచీ తీస్కొని సలీం పోతుండు, మీ తమ్ముని దేవులాడనీకి."

"ఇప్పుడా? సముద్రం పొంగే రోజుల్లోనా?"

"గదే గద మరి ఆమె ఏడ్సుడు."

మా ఆయన వైపు చూశాను. "పోనీ, వెళ్ళనివ్వకూడదూ? వాళ్ళ లాంచీయే కదా" అన్నారాయన. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మనిషి, ముఖం పాలిపోయి ఉంది. సూరిబాబంటే ఆయనకీ ప్రాణమే. నిజం చెబుతున్నాను, నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. నేనడగలేదు, వాళ్ళే వెళ్తున్నారు, వెళ్ళనీ అనిపించింది. బావి దగ్గర పిల్ల ముక్కు చీదుకుంది. ఎవరి పెళ్ళాన్నో బావి దగ్గర కూర్చోబెట్టి నా తమ్ముణ్ణి తెమ్మంటే ఏ దేవుడు మెచ్చుతాడు? మరి మొక్కు చెడితే వాడికేమవుతుంది? ఈ రెండు భయాల మధ్య ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను.

చివరికి హలీమా దగ్గరికి వెళ్ళి చాప మీద కూర్చున్నాను. "కాఫీ ఇవ్వండి" అన్నాను.

హమద్ వచ్చాడు. మొక్కు సంగతి చెప్పాను. మా దేశంలో మొక్కుకుంటే ఇష్టమైనది మానేస్తామని, మీ ఇంటి మీద నాకే దావా లేదని చెప్పాను. అతను తల్లికి చెప్పాడు. ఆవిడ కాఫీ కూజా దగ్గరికి లాక్కుంది.

"మరి నీ మొక్కు?" అంది.

"అది నాకూ మా దేవుడికీ మధ్య సంగతి."

పోసింది. నేను తొందరగా అందుకోబోతే సగం చాప మీద ఒలికింది. మిగతాది తాగాను. చేదు. ఇంత చేదు కాఫీ కోసమా నేను ప్రాణాలు విడుస్తున్నాను అనిపించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి కాఫీకి కాదు.

"సలీంని ఆపు" అంది హలీమా కొడుకుతో. తరవాత నాతో, "అక్కడ నా తమ్ముడున్నాడు బిడ్డా. వాడి చేతిలో ఉన్నవాళ్ళకి ఇంకో లాంచీ అక్కర్లేదు" అంది.

సోహార్

ఆ తీరం నుంచి ఆలస్యంగా వచ్చే లాంచీలు సోహార్‌లో ఆగుతాయి, అక్కడేమైనా తెలుస్తుందన్నాడు హమద్. తన ల్యాండ్‌రోవర్‌లో ముందు బయల్దేరాడు. పులిహోర పాచిపోయింది. రోడ్డు పక్క పారేస్తే మేకలు కూడా వాసన చూసి వదిలేశాయి. దారి పొడుగునా నేను దేవుడికి క్షమాపణలు చెప్పుకుంటూనే ఉన్నాను. కాఫీ బదులు ఇంకేదైనా మానేస్తానన్నాను. అన్నం మానేస్తానన్నాను.

"ముందు అన్నం తిని తరవాత మానెయ్" అన్నారు మా ఆయన. ఆయన కూడా ఏమీ తినలేదు.

సోహార్‌లో తెల్లకోట, దాని ముందు ఇసుక. అప్పటికింకా పెద్ద రేవు లేదు. లాంచీలు లోతులో ఆగితే చిన్న పడవల్లో మనుషులు ఒడ్డుకొస్తారు. రాజన్న పైపులు దింపడానికి సైట్‌కి పోయాడు. మేం చేపల బజారు పక్క నీడలో కూర్చున్నాం. కబురు లేదు. మర్నాడూ కూర్చున్నాం. వచ్చిన ప్రతి పడవ దగ్గరికీ హమద్ వెళ్ళేవాడు, తిరిగొస్తూ దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాడు. నేను తాగిన ఆ సగం కప్పు నా గొంతులోనే ఉన్నట్టుండేది.

ఆ మధ్యాహ్నం సూర్ ఊరి లాంచీ ఒకటి ఆగింది. చిన్న పడవలో మనుషులు దిగుతున్నారు. అందరూ గళ్ళ లుంగీలవాళ్ళే. అందులో ఒకడు నీళ్ళలో కుంటుకుంటూ నడుస్తున్నాడు. సూరిబాబు ఆ నడక నడవడు, వాడి ఒళ్ళు అంత నలుపు కాదు. అయినా నేను లేచి పరిగెత్తాను. చెప్పులు ఇసుకలో ఉండిపోయాయి.

"అక్కా, తినడానికేమైనా తెచ్చావా?" అన్నాడు వాడు.

నేను వాణ్ణి కొట్టాను. ఎందుకు కొట్టానో ఇప్పటికీ తెలియదు. మా ఆయన మా ఇద్దరినీ కలిపి పట్టుకున్నారు.

హమద్ వాడితోపాటు దిగిన తన లాంచీవాళ్ళని ఒక్కొక్కరినీ ముట్టుకుని చూశాక, సూరిబాబు దగ్గరికి వచ్చాడు. వాడు తలెత్తలేదు. హమద్‌కి హిందీలో చెప్పాడు, మధ్యమధ్య నాకు తెలుగులో.

"హఫూన్‌లో ఖర్జూరం దింపేసి, సాంబ్రాణి కోసం అలూలా పోతున్నాం. మసక మసగ్గా ఉంది. మొదటి కొండ దగ్గరే తిప్పేశారు అక్కా. రాళ్ళ మీద కూర్చుండిపోయింది. ఈ ఓడ ఫలానావాళ్ళదని ఒడ్డు నుంచి కబురు పోయింది కాబోలు, తెల్లారేసరికి మీ మావయ్య వచ్చేశాడు హమద్ సేఠ్. చిన్న పడవేసుకుని తనే వచ్చాడు. అంత పెద్దాయన, వద్దన్నా వినలేదు. అందరినీ ఒడ్డుకి చేర్చాడు. నేను కింద ఇంజను దగ్గర ఉండిపోయాను. నీళ్ళు తోడే పంపు ఆడుతుందేమోనని చూస్తున్నాను. లెక్క చూసుకుంటే ఒకడు తక్కువ. మళ్ళీ వచ్చాడు, నా కోసం. పడవ తిరగబడింది. తాడు నా చేతిలో పెట్టి, నన్ను ముందుకి తోశాడు. ఒడ్డెక్కి వెనక్కి చూస్తే ఆయన లేడు."

హమద్ సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. అటే చూస్తూ, "పూడ్చారా?" అన్నాడు.

"మర్నాడు దొరికాడు. నేను కూడా మట్టి వేశాను. అప్పటిదాకా ఆ ఊరివాళ్ళెవరూ లాంచీ చెక్క ముట్టుకోలేదు. తరవాత పంచుకుని, మమ్మల్ని ఈ సూర్ లాంచీ ఎక్కించారు. నా పనిముట్ల పెట్టె మాత్రం నాకిచ్చేశారు."

మళ్ళీ సువైక్

పైపులు దింపేసి వచ్చిన రాజన్న పికప్పులో నలుగురం ఇరుక్కుని తిరుగు ప్రయాణమయ్యాం. తమ్ముడి భుజం నా భుజానికి తగులుతూనే ఉంది. సంతోషించాలంటే భయంగా ఉంది. సువైక్‌లో ఆగకుండా దార్సైట్ పోదామా అని మా ఆయన చెవిలో అన్నాను. నాకు ఆవిడ ముఖం చూసే ధైర్యం లేదు. కానీ హమద్ అప్పటికే చెప్పాడు, మీ తమ్ముడు మా అమ్మ దగ్గరికి రావాలి, అక్కడి మాట అతనే చెప్పాలి అని.

హలీమా గుమ్మంలోనే ఉంది. ల్యాండ్‌రోవర్ దిగుతున్న కొడుకు ముఖం చూసి గోడ పట్టుకుంది. అరవలేదు. సూరిబాబుని దగ్గరికి రమ్మంది. వాడు చెప్పినదంతా విన్నది. హమద్ ఒక్కో మాటా మార్చి చెబుతుంటే ఆవిడ కళ్ళు వాడి మీదే ఉన్నాయి. అయిపోయాక రెండు చేతులూ చాపి వాడి తల, భుజాలు, మోచేతులు తడిమి చూసింది. కిందికి వంగి, గుడ్డ కట్టిన కాలు పైకెత్తింది. మడమ మీద రాయి కోసుకున్న గాటు, ఇంకా మానలేదు.

"ఇదెక్కడిది?"

"రాళ్ళ మీద" అన్నాడు వాడు. "చిన్నదే."

ఆవిడ లోపలికెళ్ళింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. కాసేపటికి సలీం మేకని ఒకదాన్ని తోలుకొచ్చి రాజన్న పికప్పుకి కట్టాడు. వెనకాలే వచ్చి హలీమా నా ఎదుట నిలబడింది. ఏదో చెప్పింది. హమద్ హిందీలో అందించాడు.

"బెహన్, అతిథి ఒంటి మీద దెబ్బ పడితే అబ్బాన్ స్వయంగా వచ్చి అతిథి పెద్దవాళ్ళని క్షమాపణ అడగాలి, ఇవ్వాల్సింది ఇవ్వాలి. మావయ్య రాలేడు. ఆయనకి పెద్దది మా అమ్మే. ఈ గాటుకి మమ్మల్ని క్షమించమంటోంది."

నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. ఎండుకట్టెల్లా ఉన్నాయి. నా తమ్ముడి మడమకి ఆవిడ ఇచ్చిన ఆ మేకని నేను కాదనలేకపోయాను. ఆవిడ తమ్ముడికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.